కోడుమూరు కార్బన్

ముప్పై ఏళ్లుగా విశాఖపట్నంలో కేంద్రక భౌతికశాస్త్రం చెబుతున్నాను. పుట్టింది కాకినాడలో. ఈ రెండు సంగతులూ చెబితే చాలు, నా తలబిరుసు ఏపాటిదో మీరే అంచనా వేసుకోగలరు. రాయలసీమను నేను పటంలో తప్ప చూసి ఎరగను. "అక్కడ తాగడానికి నీళ్లు దొరకవు, జాగ్రత్త" అని ఇంట్లో వాళ్లు భయపెడితే, మే నెల ఎండలో నాలుగు నీళ్ల సీసాలూ ఒక గొడుగూ మోసుకుంటూ బయల్దేరాను. తిరిగొచ్చాక అడిగిన వాళ్లందరికీ మామిడిపళ్ల గురించి చెప్పి తప్పించుకున్నాను. అసలు జరిగింది ఇక్కడ రాస్తున్నాను.

నేను వెళ్లింది కడపలో ఒక పిహెచ్‌డి వైవాకు. అభ్యర్థి పేరు నాగేంద్ర. కోడుమూరులో జూనియర్ కాలేజీ లెక్చరర్, వయసు నలభై దాటింది. వైవా అంటే అభ్యర్థి నలుగురిలో నిలబడి తన పరిశోధనను తానే సమర్థించుకోవడం. బయటి నుంచి వచ్చే పరీక్షకురాలిని నేను. నేను తృప్తిపడి సంతకం పెడితే అతను డాక్టర్ నాగేంద్ర అవుతాడు, లేకపోతే అంతా మళ్లీ రాసుకుని రావాలి. ఇల్లు కదిలేటప్పటికి నాకు సంతకం పెట్టే ఉద్దేశం సగమే ఉంది.

సంచిలో ప్రశ్న

కథ అర్థం కావాలంటే ఈ నాలుగు ముక్కలూ ఓపిగ్గా చదవాలి. పరమాణువు నడుమ కేంద్రకం ఉంటుంది. అందులో ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కిక్కిరిసి ఉంటాయి. కొన్ని తేలిక కేంద్రకాల్లో మాత్రం ఒకటో రెండో న్యూట్రాన్లు గుంపులోంచి బయటికి జరిగి పల్చగా, దూరదూరంగా మసులుతుంటాయి. చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టే కాబట్టి దాన్ని న్యూట్రాన్ గుడి అందాం. లిథియం పదకొండు ఇందులో పేరుమోసింది. అయితే అది ప్రకృతిలో దొరకదు, పెద్ద పెద్ద యంత్రాలతో పుట్టించాలి. పుట్టినా సెకనులో వందో వంతు కూడా బతకదు.

నాగేంద్ర అంత అపురూపమైన వాటి జోలికి పోలేదు. మామూలు కేంద్రకాలకే కొంచెం శక్తి ఇచ్చి ఒక మెట్టు పైకి ఎక్కిస్తే ఏమవుతుందని లెక్క కట్టాడు. అందులో ముఖ్యమైనది కార్బన్ పదమూడు. ఇది మీ ఇంటి బొగ్గులో ఉంది, మీ పిల్లల పెన్సిల్లో ఉంది, మీ ఒంట్లోనూ ఉంది. నూరు కార్బన్ పరమాణువులు తీసుకుంటే ఇంచుమించు ఒకటి ఇదే. కింది మెట్టు మీద ఉన్నంతసేపూ దీనికి గుడీ లేదు, గోపురమూ లేదు. పై మెట్టు ఎక్కితే ఒక న్యూట్రాన్ పట్టు సడలి బయటికి పాకి గుడి కడుతుందని అతని వాదం. ఆ పై మెట్టు మీద అది నిలిచేది మన రెప్పపాటులో లేశమంత కూడా కాదు. న్యూట్రాన్‌కు మాత్రం అది లోపలికీ బయటికీ లక్షల సార్లు తిరిగొచ్చేంత తీరిక.

నా పేచీ ఇక్కడే. పన్నెండేళ్ల కిందట ఇదే స్థితి మీద నేనొక వ్యాసం అచ్చు వేయించాను. ఆ న్యూట్రాన్ కాస్త బయటికి వస్తుందే తప్ప గుడి అనేంత ఏమీ లేదని అందులో తేల్చేశాను. తరవాత విదేశాల్లో ప్రయోగాలు చేసి ఆ దూరం కొలిచినవాళ్లకు పెద్ద అంకె వస్తే, అది వాళ్ల పొరపాటని కొట్టిపారేశాను. ఇప్పుడు నాగేంద్ర సిద్ధాంతగ్రంథం ఎనభై ఏడో పేజీలోనూ అదే పెద్ద అంకె. నాకూ అతనికీ తేడా ఎందుకొచ్చిందో మాత్రం ఒక్క వాక్యం లేదు. నా వ్యాసం పేరు మర్యాదగా రాసి పక్కనుంచి దాటిపోయాడు. "కారణం చెప్పలేకపోతే తిరిగి రాయాలి" అని కాగితం మీద రాసి, కింద రెండు గీతలు గీసి, సంచిలో పెట్టుకున్నాను.

కర్నూలు

వైవాకు ముందు కర్నూలులో ఒక కాలేజీలో ఉపన్యాసం ఉంది. అది బాగానే చెప్పాను, నేనెప్పుడూ బాగానే చెబుతాను. మర్నాడు పొద్దున్నే బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో టిఫిన్‌కు కూర్చుంటే, "ఉగ్గాని బజ్జి" అన్నారు. మరమరాలు నీళ్లలో తడిపి పిండి, తాలింపు పెట్టి, పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు వేసిస్తారు. మా వైపు మరమరాలు పిల్లల చేతికిచ్చి ఏడుపు మాన్పించడానికే. పెసరట్టు తిని పెరిగిన దాన్ని, ఇది టిఫినా అనుకుంటూ మొదలుపెట్టి, రెండో ప్లేటు అడిగాను. ప్లేటు పది రూపాయలు.

వడ్డించే ఆవిడ నా నాలుగు సీసాలనూ ఎగాదిగా చూసింది.

"యాడనుంచి వచ్చినారమ్మా?"

"విశాఖపట్నం."

"అబ్బా, శానా దూరం. ఈ నీళ్లన్నీ ఆడనుంచే మోసుకొచ్చినారా?"

అవునంటే నవ్వి, కుండలోంచి చల్లటి నీళ్లు ఒక చెంబు నిండా ముంచి ముందు పెట్టింది. ఆ తరవాత గమనించాను, దారి పొడుగునా ప్రతి బజారులోనూ ఎవరో ఒకరు పందిరి వేసి కుండలు పెట్టారు, అడక్కుండానే పోస్తున్నారు. గోదావరి కాలవల మధ్య పుట్టిన నేను ఇంత మర్యాదగా నీళ్లివ్వడం మా ఊళ్లో చూడలేదు. మూడు సీసాలు కర్నూలులోనే వదిలేశాను.

బనగానపల్లె

తిన్నగా కడప పోయే బస్సులున్నా, మామిడిపండు పుట్టింట్లో మామిడిపండు తినాలని బనగానపల్లె మీదుగా వెళ్లాను. ఊరు దగ్గరపడుతుంటే నాపరాళ్లు మొదలయ్యాయి. ఇంటి కప్పు, గోడ, అరుగు, పొలానికి కంచె, ఆఖరికి మేకల దొడ్డి కూడా ఆ రాతి పలకలతోనే. మాకు కొబ్బరాకు ఎలాగో వీళ్లకు రాయి అలాగ.

పళ్ల మండీ చూసి బస్టాండుకు వచ్చేసరికి కడప బస్సు కదలబోతోంది. పరుగెత్తి ఎక్కితే చెప్పు తెగింది. చేతిలో ఒక చెప్పు, భుజాన సంచి, చంకలో గొడుగు, ఈ అవతారంలో ఖాళీ సీటు వెతుక్కుంటుంటే ఒక పెద్దమనిషి తన ఒళ్లో ఉన్న మామిడిపళ్ల పెట్టె జరుపుకుని చోటిచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. తెల్ల పంచె, తెల్ల చొక్కా, నుదుట బొట్టు. నా చెప్పు అడిగి తీసుకుని, జేబులోంచి పురికొస తీసి, కోయిలకుంట్ల రాకముందే కుట్టినంత గట్టిగా కట్టిచ్చాడు.

పేరు రంగయ్య శెట్టి. కోడుమూరులో కిరాణా అంగడి. ఊరి పేరు వినగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

కోయిలకుంట్ల దాటాక

"కడపలో ఏం పనండీ?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"మా తమ్మునికి రేపు డాక్టర్ పరీక్ష ఉండాదమ్మా. సూదిమందు డాక్టరు కాదు, సదువు డాక్టరు." ఆ మాట అంటుంటే మనిషి సీట్లోనే రెండంగుళాలు పెరిగాడు. "ఏడేండ్లు చేసినాడు. మా అంగట్లోనే చేసినాడు."

"కిరాణా కొట్లోనా?"

"ఊ. బిల్లులు రాసే కంప్యూటర్ ఉండాది కదా. మేం ఒంటిగంటకు అంగడి మూసి నాలుగ్గంటలకు తీస్తాం. ఆ మూడు గంటలూ కంప్యూటర్ వానిదే. కరెంటు పోతే లెక్కంతా మళ్లా మొదటికి వస్తాది. ఒక తూరి కరెంటు పోయిందని వాడు చక్కెర మూట మీద తలపెట్టి ఏడ్చినాడు."

విశాఖపట్నంలో నా గదికి ఏసీ ఉంది, యంత్రాలకు వేరే ఏసీ ఉంది.

"ఇంతకీ పరిశోధన దేని మీద?" అని అడిగాను. పాపం, కిరాణా వ్యాపారికి ఏం తెలుస్తుందిలే అని కొంత, చూద్దామని కొంత.

రంగయ్య శెట్టి మొదలుపెట్టాడు. నాగేంద్ర రోజూ మధ్యాహ్నం షట్టరు సగం దించి, అన్నను ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడట. అన్నకు అర్థమైతే కోడుమూరంతటికీ అర్థమైనట్టేనని అతని నమ్మకం. "మా అంగట్లో బొగ్గుల మూట ఉండాది సూడండి, దాంట్లో నూటికొకటి ఈ పదమూడు నంబరు కార్బనే. మొబ్బులో చందమామకు గుడి కడ్తాది కదా, అట్ల దానికి గూడా కడ్తాది. కాకుంటే దాన్ని ఒక మెట్టు పైకి లేపల్ల." ఒక్క ముక్క తప్పు చెప్పలేదు. ఎంఎస్సీ పిల్లలు ఇంత తేటగా చెప్పగా నేను వినలేదు.

పెట్టె విప్పి ఒక పండు తీసి నా చేతిలో పెట్టాడు. "తినండమ్మా. విశాఖపట్నం నుంచి పరీక్ష చేసే మేడం వస్తాండాది, ఆయమ్మకని తెచ్చినా. ఒకటి తగ్గితే ఏమీ కాదులే."

పండు కొరికాక ఆ మేడం మాట అన్నాడు. పరీక్షకు ముందు అభ్యర్థి వాళ్ల దగ్గర కాఫీ కూడా ముట్టని మనిషిని, లంచం సగం తినేసి కూర్చున్నాను.

"ఆ మేడం శానా గట్టిదంట," అని గొంతు తగ్గించాడు. "అయినా మావోని దిగులు అది కాదు. ఆయమ్మ లెక్కలోనే తప్పుండాది."

నోట్లో పండు ఉండబట్టి సరిపోయింది. లేకపోతే ఏమనేదాన్నో.

"న్యూట్రాన్‌కు ఒక అల ఉండాదంట. ఆ అల లోపల ఒక తూరి సున్నా గీత దాటి, ఆ తర్వాత బయటికి పోవల్ల. దాటకుండా ఉండే చోట్లో ముందే ఇద్దరు కూర్చోని ఉండారు, ఇగో, ఈ బస్సులో రిజర్వు సీట్ల మాదిరి. ఆయమ్మ లెక్కలో అల దాటనే ల్యాదు. కంప్యూటర్‌కు ఒక అంకె తక్కువ ఇచ్చింది. ఇదీ కథ."

"మరి ఆ సంగతి పుస్తకంలో రాయలేదేం?"

"అదే కదమ్మా నా ఏడుపు! 'ఆయమ్మ రాసిందాన్ని సదివి నేను నేర్చుకున్యా అన్నా, నలుగుర్లో ఆయమ్మదే తప్పని ఎట్ల చెప్తును' అంటాడు. అడిగితే తప్పు నాదేనని ఒప్పుకొని మళ్లా రాస్తాడంట. గడువు ఈ యాడాదితో అయిపోతాది. మళ్లా రాసేదానికి టైము యాడుండాది? పది దినాల నుంచి వాడు సరిగ్గా అన్నం తినల్యా."

జమ్మలమడుగు వచ్చేదాకా నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ముందు ఒళ్లు మండింది. చక్కెర మూటల మధ్య కూర్చున్న మనిషి నా లెక్క దిద్దుతాడా అనుకున్నాను. పెన్నలో నీళ్లు లేవు, ఇసుక మీద ఎండ తళతళలాడుతోంది. నేనెవరో శెట్టికి చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది, చెప్పలేదు. ప్రొద్దుటూరులో ఆయన నాకు సోడా కొనిపెట్టాడు. డబ్బులివ్వబోతే "బాగుండదమ్మా" అన్నాడు.

కడప, సాయంత్రం

గదిలో సంచి పడేసి ముందు తిండికి వెళ్లాను. ఎర్రకారం పూసిన దోసె తెచ్చి, "కారం తక్కువ చేయమంటారా" అని అడిగారు. గుంటూరు మిరపకాయ మా పక్క జిల్లాదేనన్నంత ధీమాగా "అక్కర్లేదు" అన్నాను. మూడో ముద్దకు కళ్ల వెంట నీళ్లు, ముక్కు వెంట నీళ్లు. పక్క బల్ల ముసలాయన తన మజ్జిగ గ్లాసు నా వైపు జరిపాడు. పన్నెండు రూపాయల దోసె నా పొగరును ఆ పూటకు దింపింది.

వచ్చి నా పాత వ్యాసం తీశాను. లెక్క మళ్లీ చేసే పనే పడలేదు. మూడో పేజీలో నేనే గీయించుకున్న పటం ఉంది. నడుమ పుట్టి, పైకి లేచి, మెల్లగా వాలిపోయింది నా అల. సున్నా గీతను ఎక్కడా దాటలేదు. అది దాటకుండా ఉండే చోటు లోపలి న్యూట్రాన్లతో ఎప్పుడో నిండిపోయింది, అక్కడ కొత్తదానికి చోటు లేదు. ఈ మాట ఏటా పిల్లలకు నేనే చెబుతాను.

ఎలా జరిగిందో కూడా తట్టింది. అల ఎన్నిసార్లు సున్నా అవుతుందో ప్రోగ్రాంకు చెప్పాలి. మా సొంత ప్రోగ్రాం సరిగ్గా నడిమధ్య ఉండే సున్నాను లెక్కలోకి తీసుకోదు. ఆ ఏడాది నేను అరువు తెచ్చుకున్న ప్రోగ్రాం తీసుకుంటుంది. అలవాటు కొద్దీ ఒకటి అని ఇచ్చాను, రెండు అని ఇవ్వాల్సింది. మా పనిలో వాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు, మా పనిలో ఎవరైనా చేయగల తప్పు. పన్నెండేళ్లుగా అచ్చులో కనబడుతూనే ఉంది. ఎవరూ చూడలేదు, కోడుమూరులో ఒకతను చూశాడు.

సిగ్గేసింది. దాని వెనకే, ఎందుకో, నవ్వూ వచ్చింది. రేపు ఆ ప్రశ్న అడక్కుండా ఊరుకుంటే నా పరువు దక్కుతుంది, అతని డిగ్రీ అతనికొస్తుంది. అడిగితే అతను నా తప్పును నెత్తినేసుకుని ఏడేళ్లు పోగొట్టుకుంటాడేమో. అడక్కపోతే మాత్రం ఎనభై ఏడో పేజీ ఎందుకు సరైనదో ఎప్పటికీ ఎవరికీ తెలియదు. అది నాకు నచ్చలేదు.

కడప, నల్లబోర్డు

మామూలుగా వైవాకు ఐదారుగురు వస్తే గొప్ప. నేను వెళ్లేసరికి హాలు నిండిపోయి, పక్క గదిలోంచి బల్లలు తెస్తున్నారు. రెండు జీపుల్లో కోడుమూరు దిగింది. కిరాణా వాళ్లు, బట్టల కొట్టు వాళ్లు, మెడికల్ షాపు ఆయన, జూనియర్ కాలేజీ అటెండరు, అందరూ చలవ బట్టల్లో పెళ్లివారిలా ఉన్నారు. నాగేంద్ర గైడు ఓబుల్ రెడ్డి గారు సిగ్గుపడుతూ, "వద్దన్నా ఇనల్యా మేడం, మావోడు మాట్లాడేది సూడల్లని వచ్చినారు" అన్నారు. మూడో వరసలో రంగయ్య శెట్టి. నన్ను పరీక్షకురాలి కుర్చీలో చూశాడు. కండువాతో మొహమంతా తుడుచుకున్నాడు.

నాగేంద్ర సన్నగా, కళ్లజోడుతో, కొత్త చొక్కా మడతలతో నిలబడ్డాడు. గంటసేపు చక్కగా చెప్పాడు. నా వంతు వచ్చింది.

"ఎనభై ఏడో పేజీ. మీ అంకెకూ నా అంకెకూ తేడా ఎందుకు?"

అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ జవాబు పది రోజులుగా సిద్ధం చేసుకుంటున్నాడు కదా. "నా లెక్కలోనే పొరపాటు అయ్యుంటుంది మేడం. మళ్లీ చూసుకుంటాను."

ఓబుల్ రెడ్డి గారి మొహం పాలిపోయింది. అభ్యర్థి తనంతట తాను ఒప్పుకున్నాక నేను రాయాల్సింది ఒక్కటే, అది ఆయనకూ తెలుసు.

"బోర్డు మీద మీ అల గీయండి," అన్నాను. గీశాడు. లోపల ఒకసారి సున్నా దాటి, దూరంగా సాగిన గీత. "పక్కన నాది గీయండి." చూడకుండా గీశాడు. నా మూడో పేజీ అతనికి నాకంటే బాగా గుర్తుంది.

"ఈ రెంటిలో ఏది తప్పు?"

నాగేంద్ర నేల చూపులు చూశాడు. సుద్దముక్క వేళ్ల మధ్య నలుగుతోంది. మూడో వరసలో బల్ల కిర్రుమంది.

"నాగేంద్రా!" రంగయ్య శెట్టి లేచి నిలబడ్డాడు. "ఆయమ్మకు నేను నిన్ననే బస్సులో అంతా చెప్పేసినా రా! తెలీక చెప్పినా. ఇంగ దాచేది ఏమీ ల్యాదు. చెప్పు!"

హాలు గొల్లుమంది. నేనూ ఆపుకోలేకపోయాను. నాగేంద్ర అన్నను చూశాడు, నన్ను చూశాడు. నా నవ్వు చూశాకే అనుకుంటా, భుజాలు కిందికి దిగాయి.

"మీ గీత తప్పు మేడం," అన్నాడు.

"ఎందుకు?"

ఇక ఆగలేదు. ప్రోగ్రాంలో ఆ అంకె సంగతి, లోపలి చోటు నిండిపోవడం, దాటిన అల బయటికి ఎందుకు తోసుకుపోతుందో, పట్టు సడలిన కొద్దీ ఎంత దూరం పాకుతుందో, బోరాన్ పన్నెండులో, బెరీలియం పదిలో అదే ఎలా కనిపిస్తుందో, నలభై నిమిషాలు. కోడుమూరు వాళ్లు ఊపిరి బిగబట్టి విన్నారు. చక్కెర మూటల మధ్య నేర్చుకున్న గొంతు అది, వెనక వరస దాకా వినబడింది. నా శిష్యుడు కాడు, మా ఊరివాడు కాడు, నిన్నటి దాకా నేను మొహమైనా చూడలేదు. అయినా నాకు కళ్లు చెమర్చాయి. ఇంత గర్వం నా సొంత వ్యాసాలు అచ్చయిననాడు కూడా కలగలేదు. మూడో వరసలో అన్న పాఠం మొత్తం పెదాలతో తమ్ముడి వెంట పలుకుతూనే ఉన్నాడు.

చప్పట్లయ్యాక ఓబుల్ రెడ్డి గారు నివేదిక కాగితం నా ముందు పెట్టారు. అభ్యర్థి పరిశోధన వల్ల కొత్తగా తేలినదేమిటి అని ఒక గడి, కింద రెండు ఖాళీ గీతలు. మొదటి గీత మీద, మామూలు కార్బన్ కేంద్రకానికి పై మెట్టు మీద న్యూట్రాన్ గుడి ఉందని నిలబెట్టాడు అని రాశాను. రెండో గీత మీద, పరీక్షకురాలి పన్నెండేళ్ల నాటి తప్పు పట్టుకున్నాడు అని రాసి, కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాను.

ఓబుల్ రెడ్డి గారు చదివి, కలం మూత తీసి నా వైపు చాపారు. "మేడం, రెండోది కొట్టేయండి. ఇది రికార్డులో శాశ్వతంగా ఉండిపోతాది."

"ఉండాలనే రాశాను," అన్నాను.